తలుపు దగ్గర చెప్పిన అంకె

వెర్లిన్ స్కోగెన్ గురించి ఎవరైనా అడిగితే నేను ముందుగా చెప్పేది ఒక్కటే. అతని వల్ల నా పళ్ళు అరిగిపోయాయి, కొరికీ కొరికీ. సిగరెట్ మానడానికి ఆసుపత్రిలో చేరిన ఆ రోజుల్లో నాకు అసలే లోకం మొత్తం మీద కోపంగా ఉండేది. గోడల రంగు మీద కోపం, నెమ్మదిగా వచ్చే లిఫ్టు మీద కోపం, పొద్దున్నే పెట్టే ఓట్స్ జావ మీద కోపం. సరిగ్గా అలాంటప్పుడు దేవుడు ఈ మనిషిని తెచ్చి నా పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు.

అమెరికాలో మినసోటా రాష్ట్రం దక్షిణాన ఒక ఊళ్ళోని ఆసుపత్రి అది. అందులో ఒక అంతస్తు మాలాంటి వాళ్ళకు కేటాయించారు. తిండీ పడకా అక్కడే, మందులు అక్కడే, కూర్చోబెట్టి మాట్లాడించడం అక్కడే. ఒంటరిగా బయటికి వెళ్ళడానికి వీల్లేదు. నేను ఉత్తరాన ఇనప గనుల ఊళ్ళో స్కూలు బస్సు నడిపిన దాన్ని. నా ఊపిరితిత్తులు చిల్లుల జల్లెడ అయ్యాయని డాక్టర్ చెప్పాక, ఇంట్లో ఉండి మానడం నా వల్ల కాదని మా చెల్లెలు కారులో పడేసి తెచ్చి దింపి పోయింది.

చేరిన రోజున అందరం ఒక నీళ్ళ బకెట్ చుట్టూ నిలబడి, మిగిలిన సిగరెట్లు అందులో వేయాలి. నేను నా పెట్టెను విసిరికొట్టి, ఏడ్చి, ముక్కు చీదుకుని, కౌన్సెలర్‌ను ఒక పాడు మాట కూడా అన్నాను. నా తర్వాత వంతు వెర్లిన్‌ది. పొడుగాటి మనిషి, గాలికి ఎండకు కమిలిన మెడ, నెత్తిన పాల డెయిరీ పేరున్న టోపీ. అతను పెట్టెలోపలి వెండి కాగితాన్ని చక్కగా మడిచి, మూత నొక్కి, నిద్రపోతున్న పసిబిడ్డను పడుకోబెట్టినట్టు మెల్లగా నీళ్ళలోకి దించాడు.

"నీళ్ళు కింద తొణికాయండీ. గుడ్డ ఉంటే ఇవ్వండి, తుడుస్తాను" అన్నాడు.

అప్పుడే అనుకున్నాను, ఈ మనిషితో నాకు పడదని.

మా కౌన్సెలర్ పేరు టెస్సా. ఎక్కడో అరిజోనా నుంచి వచ్చిన పిల్ల, మా వైపు మాటల తీరు తెలియదు. మంచిదే, ఓపిక ఉన్నదే, కానీ ఎవరు ఏం చెబితే అది అచ్చంగా నమ్మేస్తుంది. రోజూ పొద్దున మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్న వేసేది. సున్నా అంటే సిగరెట్ గుర్తే లేదు, పది అంటే ఇప్పుడు దొరక్కపోతే కిటికీలోంచి దూకడమే. ఇప్పుడు మీ అంకె ఎంత? ఆ అంకెను బట్టే డాక్టర్ మా భుజాలకు అంటించే నికోటిన్ పట్టీలు పెంచేవాడు. మనిషికి తన కోరిక ఎంతుందో తనే గుర్తుపట్టి, నోటితో పైకి చెప్పగలిగితే సగం పట్టు వదులుతుందని ఆమె నమ్మకం.

"తొమ్మిది. ఇంకోసారి అడిగావంటే పది" అన్నాను నేను.

నాకు వెంటనే ఇంకో పట్టీ దొరికింది.

"వెర్లిన్, మీకు?" అంది టెస్సా.

వెర్లిన్ నేల చూశాడు. "ఫర్వాలేదండీ. రెండు అనుకుందాం. మిగతావాళ్ళకి ఇంతకంటే కష్టంగా ఉంటుంది కదా."

టెస్సా ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎందుకంటే నేను అతని పక్కనే కూర్చున్నాను. మోకాలు కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఆడుతోంది. అరచెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళడం, ఖాళీ జేబు తడమడం, తిరిగి రావడం, మళ్ళీ వెళ్ళడం. చేతిలోని కాఫీ కప్పు పళ్ళేనికి తగిలి టకటకమంటోంది. మెడ వెనక చొక్కా తడిసిపోయింది. ఈయనకు రెండట!

మా ఇంట్లో భోజనాల దగ్గర ఎవరూ అరవలేదంటే ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. మా అమ్మ స్లొవేనియా వాళ్ళ పిల్ల, మా నాన్న గని కార్మికుడు. తలనొప్పి వస్తే వీధి మొత్తానికి తెలియాల్సిందే. వెర్లిన్ వాళ్ళు ఎప్పుడో నార్వే నుంచి వచ్చి పడమటి మైదానాల్లో స్థిరపడ్డ వాళ్ళు. వాళ్ళ వైపు కొట్టం కాలిపోతే 'ఇల్లు మిగిలింది కదా' అంటారు, ఇల్లు కూడా కాలిపోతే 'చలి కాలంలో కాలలేదు, నయం' అంటారు. నొప్పిగా ఉందని పైకి చెప్పడం వాళ్ళకు ఇంకొకరి పళ్ళెంలోంచి ముద్ద తీసుకోవడమంత సిగ్గు.

ఇక మా నర్సు లోర్నా సంగతి. ఆమెదీ అతని ఊళ్ళ వైపే. ఆమెకు తెలియకుండా ఉంటుందా? కానీ ఆయన ఫర్వాలేదన్నాక మళ్ళీ రెట్టించి అడగడం మర్యాద కాదు. ఈయన మర్యాద ఒక గోడ, ఆమె మర్యాద ఇంకో గోడ. మధ్యలో మనిషి ఉడికిపోతున్నాడు.

హాలు మూలన ఒక బల్ల మీద ముక్కలు పేర్చే బొమ్మ ఉండేది. సరస్సు, చిన్న పడవ, మిగతాదంతా నీలం ఆకాశం. చేతులకు పని ఉంటే సిగరెట్ మరుపొస్తుందని పెట్టారు. వెర్లిన్ ఎప్పుడూ ఆకాశమే పేర్చేవాడు, ఆ కష్టమైన భాగం వేరేవాళ్ళకు పడకూడదని. నేను ముక్కలు ముట్టుకునేదాన్ని కాదు. తిట్టుకోవడానికి ఎదురుగా ఒక మనిషి కావాలి కాబట్టి అక్కడ కూర్చునేదాన్ని. అలా తిడుతూ తిడుతూనే అతని బతుకు కొంచెం కొంచెంగా బయటికి లాగాను.

ఒకప్పుడు సొంత ఆవులు ఉండేవట. గిట్టుబాటు కాక రైతులందరూ మునిగిన కాలంలో అతనూ మునిగాడు. పెరట్లోనే ఆవుల్ని వేలం వేశారు. ఆ రోజు వెర్లిన్, అతని భార్య ఆర్డిస్ కలిసి కొనడానికి వచ్చిన వాళ్ళందరికీ కాఫీలు పోశారట.

"మీ ఆవుల్ని తోలుకుపోయే వాళ్ళకి మీరు కాఫీలు పోశారా? ఏడుపు రాలేదా నీకు?" అన్నాను.

"ఆ రోజు చలి బాగా ఉందండీ. పాపం చాలా దూరం నుంచి వచ్చారు."

"వేడి కాఫీ వాళ్ళ నెత్తిన పోయాల్సింది."

"కప్పులు సరిపోలేదండీ" అన్నాడు, ఒక నీలం ముక్కను తిప్పి తిప్పి చూస్తూ. అది హాస్యమో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత ఊళ్ళలో తిరిగి పాలు సేకరించే ట్యాంకరు నడిపాడు. ప్రతి రైతు కొట్టం దగ్గరా ఆగాలి, గొట్టం తగిలించాలి, మోటారు వేయాలి. మోటారు నడుస్తున్నంత సేపూ వదిలి పోవడానికి లేదు. పాలగదిలో పొగ తాగకూడదు కాబట్టి గోడ మూలకు వెళ్ళి నిలబడి సిగరెట్ ముట్టించేవాడు. అది చూసి రైతు కూడా బయటికి వచ్చి పక్కన నిలబడేవాడు. ఇద్దరూ పొలం వైపు చూస్తూ నిలబడేవాళ్ళు. ఒకాయన కొడుకు పోయినప్పుడూ అంతే, ఇంకొకాయన భార్య వెళ్ళిపోయినప్పుడూ అంతే. మాటలేం పెద్దగా ఉండేవి కావు.

ఇదంతా చెప్పి వెర్లిన్ లేచాడు. కుర్చీని బల్ల కిందికి నెట్టాడు. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, వెళ్ళబోతూ, నా వైపు చూడకుండా అన్నాడు. "సిగరెట్ లేకుండా ఒకళ్ళ పక్కన ఊరికే ఎట్లా నిలబడతామండీ? ఏం పని మీద నిలబడ్డామనుకుంటారు?"

ఆ మాట టెస్సా వింటే ఎగిరి గంతేసేది. ఎన్ని పూటలు అడిగినా ఆమెకు రాని మాట అది. కానీ నేను ఆ పూట చిరాకులో ఉన్నాను, "ఏమో, నాకేం తెలుసు" అని ఊరుకున్నాను.

మరుసటి రోజు మధ్యాహ్నం నేల తుడిచే మనిషి నడవాలోకి ఒక పెద్ద యంత్రం తెచ్చి ఆన్ చేశాడు. గుర్రుమని ఒకటే మోత. ఆకాశం పేరుస్తున్న వెర్లిన్ చటుక్కున లేచాడు. గోడ మూలకు నడిచాడు. వీపు గోడకు ఆనించి, చెయ్యి జేబులోకి పెట్టాడు. జేబులో ఏమీ లేదు. అలాగే నిలబడిపోయాడు, ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా. అది పాల మోటారు మోతలాగే ఉందని నాకు తర్వాత చెప్పాడు. యంత్రం ఆగేదాకా అతను ఆ గోడను వదల్లేదు.

మర్నాడు టెస్సా అడిగింది. "నిన్న ఎలా గడిచింది వెర్లిన్? ఈ రోజు అంకె?"

"బానే గడిచిందండీ. రెండే."

ఇంక నా వల్ల కాలేదు. "అబద్ధం! నిన్న ఈయన గోడకి బల్లిలా అంటుకుపోయాడు. నేను కళ్ళారా చూశాను. టెస్సా, ఈ మనిషి రెండంటే తొమ్మిదని రాసుకో తల్లీ."

"మార్లీన్, ఇక్కడ ఎవరి అంకె వాళ్ళే చెప్పాలి. ఆయన తరఫున మీరు చెబితే ఆయనకి సాయం చేసినట్టు కాదు" అంది టెస్సా.

రూలు మంచిదే. కాదనను. ఎవరి లోపలి సంగతి వాళ్ళ నోటితో రావాల్సిందే. కానీ ఆ నోటికి తాళం వేసి ఉంటే ఏం చేయాలో రూలు చెప్పదు. వెర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి. బయటికి వచ్చాక నా దగ్గరికి వచ్చి, "నా గురించి మీరు అంత శ్రమ పడకండి మార్లీన్ గారూ" అన్నాడు. నా మీద కోప్పడినా బాగుండేది. మర్యాద చేశాడు.

ఒక విషయం మాత్రం నన్ను వదల్లేదు. రోజూ మమ్మల్ని నడవాలో నడిపించేవాళ్ళు. వెర్లిన్ నాలుగు అడుగులు వేసి ఒక బొమ్మ ముందు ఆగేవాడు, ఇంకో నాలుగు వేసి ఇంకో బొమ్మ ముందు. గోడకున్న బాతుల బొమ్మల్ని అంత శ్రద్ధగా చూస్తుంటే కళాభిమాని అనుకున్నాను. ఒకసారి అతను చూస్తున్న చోట బొమ్మే లేదు, మంటలు ఆర్పే ఎర్ర సిలిండరు ఉంది. దాన్నీ అంతే శ్రద్ధగా చూస్తున్నాడు, ఒక చేత్తో పిక్క పట్టుకుని.

"కాలికి ఏమైందయ్యా?" అన్నాను.

"కొంచెం లాగుతోందండీ, అంతే."

"కొంచెం అంటే?"

"వయసు వస్తే ఎవరికైనా ఉండేదే."

అతని గది దాకా వెంటపడ్డాను. చెవిలో జోరీగలా పోరాను. లాభం లేదు, బెల్లం కొట్టిన రాయి. చివరికి గది గుమ్మం దాటాడు, గడియ మీద చెయ్యి వేశాడు, తలుపు సగం మూశాడు. అప్పుడు ఆ సందులోంచి చెప్పాడు.

"కిందికి రక్తం దిగట్లేదంటండీ. రక్తనాళం పక్కనించి ఇంకోటి వేసి కుట్టాలంట. పొగ మానేదాకా కత్తి పట్టనన్నాడు డాక్టరు. కుట్టకపోతే మోకాలి కింద తీసేస్తారంట." ఆగాడు. "సరే, ఉంటానండీ మరి."

తలుపు మూసుకుంది. ఆ చెక్క తలుపుకేసి ఎంతసేపు చూశానో. ఈ మనిషికి కాలు పోబోతోంది, ఈ మనిషి రోజూ పొద్దున రెండు అని చెబుతున్నాడు!

ఆదివారం ఆర్డిస్ వచ్చింది. గుండ్రటి ముఖం, మెత్తటి గొంతు, చేతిలో ఒక డబ్బా. డబ్బా నిండా ఓట్స్, ఖర్జూరం పెట్టి కాల్చిన తీపి ముక్కలు. అందరికీ పంచింది. చివరి ముక్క మిగిలితే ఎవరూ తీసుకోలేదు. దాన్ని సగం చేశారు, ఆ సగాన్ని మళ్ళీ సగం చేశారు, ఆ చిన్న ముక్కను కూడా ఎవరూ తీసుకోలేదు. నేను తీసి నోట్లో వేసుకున్నాను.

"వెర్లిన్ బాగానే ఉన్నాడంట కదా" అంది ఆర్డిస్ నాతో. "కాలు లాగుతోంది, సిగరెట్ మానితే మంచిదని డాక్టరు అన్నాడంట."

మంచిదని అన్నాడంట! నా నాలుక చివరిదాకా వచ్చింది. బల్ల అవతల నుంచి వెర్లిన్ నా వైపు చూశాడు. పిల్లల్ని బస్సు ఎక్కించుకున్నంత కాలం అలాంటి చూపులు చాలా చూశాను, ఇంట్లో చెప్పొద్దని అడిగే చూపులు. నోరు మూసుకున్నాను. ఆ పూట నాకు పది కాదు, పదిహేను.

ఇంక వీడ్కోలు మొదలైంది. ఆర్డిస్ "సరే మరి" అని తొడల మీద చేతులు చరుచుకుని లేచింది. కోటు వేసుకుంది. అక్కడితో అయిపోతుందనుకునేవాళ్ళు మా రాష్ట్రం వాళ్ళు కారు. లిఫ్టు దగ్గర నిలబడి మంచు గురించి, చర్చిలో విందు గురించి, పక్కింటి వాళ్ళ ఇల్లు వెచ్చబెట్టే కొలిమి చెడిపోవడం గురించి మాట్లాడుకున్నారు. లిఫ్టు వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. ఆమె చేతి తొడుగు మర్చిపోతే తేవడానికి వెర్లిన్ గదికి వెళ్ళాడు.

నేను కడుపు మంట ఆపుకోలేక, "ఈ మనిషితో ఇన్నేళ్ళు ఎట్లా వేగావమ్మా? నోరు విప్పడు కదా" అన్నాను.

ఆర్డిస్ నవ్వింది. "విప్పుతాడు. టోపీ పెట్టుకున్నాక. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగిన రోజున మా ఇంట్లో భోజనం చేశాడు, మా నాన్నతో వానల గురించి మాట్లాడాడు. నాతో ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. బూట్లు కట్టుకున్నాడు, టోపీ పెట్టుకున్నాడు, తలుపు తీశాడు. చలిగాలంతా లోపలికి కొడుతోంది. అప్పుడడిగాడు. మా అమ్మ ఏమందో తెలుసా? 'అవునని చెప్పవే, ఇల్లు చల్లబడిపోతోంది' అంది."

వెర్లిన్ తొడుగు పట్టుకుని వచ్చాడు. నేను ఆర్డిస్ ముఖం చూశాను, వెర్లిన్ టోపీ చూశాను. కుర్చీ వీపు మీద చెయ్యి గుర్తొచ్చింది, గది తలుపు సందు గుర్తొచ్చింది. నా మట్టిబుర్రకు అప్పుడు వెలిగింది. అడగాల్సింది కూర్చోబెట్టి కాదు.

కానీ ఆ సంగతి ఎవరికీ చెప్పే లోపలే పిడుగు పడింది. మరుసటి రోజు టెస్సా గుండ్రటి కుర్చీల మధ్య నిలబడి నవ్వుతూ ప్రకటించింది. "వెర్లిన్ రేపు ఇంటికి వెళ్తున్నారు. చాలామంది మంచం కోసం ఎదురు చూస్తున్నారట కదా, తనకి బాగానే ఉంది కాబట్టి వేరేవాళ్ళకి ఇమ్మన్నారు. ఆయన అంకెలు చూసి డాక్టర్ కూడా సరే అన్నారు."

అందరూ చప్పట్లు కొట్టారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు కూడా, ఎంత పెద్ద మనసని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెద్ద మనసా, నా బొంద! పారిపోతున్నాడు. వేరేవాళ్ళ అవసరం అనే దుప్పటి కప్పుకుని, సిగరెట్ దగ్గరికి పరుగెత్తుతున్నాడు. అన్నిటికన్నా నన్ను చంపేది ఏమిటంటే, ఆ సంగతి అతనికే పూర్తిగా తెలియదు. తను మంచం త్యాగం చేస్తున్నానని నిజంగానే నమ్ముతున్నాడు. వాళ్ళ ఊళ్ళో ఎవరు చేసినా ఈ తప్పే చేస్తారు. ఇంకే ఊళ్ళోనూ ఎవరూ చేయరు.

నడవాలో పట్టుకున్నాను. "నీ కాలు నీకు బరువైందా?"

"నాకన్నా అవసరం ఉన్నవాళ్ళు ఉంటారండీ."

"ఉండరు!"

"మీరు కాస్త కాఫీ తాగండి" అన్నాడు.

మరునాడు భోజనాలయ్యాక ఆర్డిస్ వచ్చింది. కారు వెచ్చగా ఉండాలని బయట ఇంజను నడుస్తూనే వదిలి వచ్చింది. వెర్లిన్ సంచీ సర్దుకుని కిందికి దిగాడు. సాగనంపడానికి టెస్సా, నేను వెళ్ళాం. బయటికి పోయే పెద్ద తలుపు దగ్గర మొదలైంది ఆ తతంగం. రోడ్డు మీద మంచు ఎలా ఉంది. పక్కింటి కొలిమి బాగైంది. దారిలో జింకలు అడ్డం వస్తున్నాయట, నెమ్మదిగా పోవాలి. టెస్సా మధ్యలో వెళ్ళిపోబోయింది. నేను ఆమె మోచెయ్యి పట్టి ఆపాను.

నా జీవితంలో అంత కష్టపడి నోరు మూసుకోవడం అదే మొదలు. వెర్లిన్ కోటు గుండీలు పెట్టుకున్నాడు, ఆగాను. మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకున్నాడు, ఆగాను. చేతి తొడుగులు వేసుకున్నాడు, టోపీ పెట్టుకున్నాడు, చెవుల మీదికి లాక్కున్నాడు. "సరే మరి" అన్నాడు. తలుపు కడ్డీ మీద చెయ్యి వేసి కొంచెం తోశాడు. చలి మా కాళ్ళ మీదికి వచ్చింది.

"వెర్లిన్, అంకె ఎంత?" అన్నాను, అరవకుండా.

అతను బయట మంచుకేసి చూస్తున్నాడు. చెయ్యి కడ్డీ మీదే ఉంది.

"పది" అన్నాడు.



"వచ్చిన రోజు నుంచీ పదేనండీ. తగ్గింది లేదు." బయటికే చూస్తూ చెప్పాడు. "పెట్రోలు బంకు దగ్గర ఆపమని ఆర్డిస్‌తో అందామనుకున్నాను. తను లోపలికెళ్ళి కాఫీ తెచ్చే లోపల ఎవరినైనా అడిగి ఒక్కటి కాలుద్దామని. ఒక్కటితో ఆగదని తెలుసు. ఆర్డిస్, కాలు తీసేస్తారంట, మానకపోతే. నీకు చెప్పలేదు. భయంగా ఉంది నాకు."

ఆర్డిస్ అతని వైపే చూసింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. నేనైతే రెండూ చేసేదాన్ని. ఆమె మెల్లగా తన కోటు పైగుండీ విప్పింది.

"అయితే కారు ఆపేసి వస్తాను" అంది.

ఆ సాయంత్రం వెర్లిన్ భుజానికి ఇంకో రెండు పట్టీలు పడ్డాయి. తన మంచం అప్పటికే ఒక ముసలాయనకు ఇచ్చేశారు కాబట్టి ఇంకొకరితో గది పంచుకోవాల్సి వచ్చింది. దానికి ఆ మనిషికి ఎన్నిసార్లు క్షమాపణ చెప్పాడో లెక్కలేదు. ఆ తర్వాత టెస్సా అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి అడగడం మానేసింది. అందరం లేచి పోతున్నప్పుడు, తన కోటు భుజాన వేసుకుని, తలుపు దగ్గర "వెర్లిన్, మరి వస్తాను" అని నిలబడేది. అతను నిజం చెప్పేవాడు. చూసేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. అంకె తొమ్మిదైంది, ఒకరోజు ఏడైంది. ఆకాశం కూడా పూర్తయింది, ఒక్క ముక్క తప్ప. అది ఎక్కడో పోయింది.

నేను నా ఊరికి వచ్చేశాను. గట్టిగా చెప్పేదాన్ని కాబట్టి నాకు నయమైపోయిందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఇంట్లో అరవడానికి ఎదురుగా ఎవరూ లేరన్న సంగతి అక్కడ ఉన్నప్పుడు నాకు తట్టలేదు, టెస్సాకూ తట్టలేదు. ఖాళీ వంటింట్లో తొమ్మిది అని ఎవరితో చెప్పను? చెల్లెలు ఫోన్ చేస్తే బానే ఉందని చెప్పి పెట్టేయడం మొదలుపెట్టాను. నిన్న కొట్టుకు పాల కోసం వెళ్ళి, పాలతో పాటు ఒక సిగరెట్ పెట్టె కూడా తెచ్చాను. వంటింటి బల్ల మీద పెట్టి, దాని ఎదురుగా కూర్చుని, నా మీద నాకే పిచ్చి కోపంతో గోళ్ళు కొరుక్కుంటుంటే ఫోన్ మోగింది.

"నేనండీ. వెర్లిన్‌ని."

"కాలు ఏమైంది?" అన్నాను.

"ఫర్వాలేదండీ."

"ఫర్వాలేదంటే ఏంటయ్యా? ఉందా, పోయిందా?"

"ఇక్కడ మంచు బాగా పడిందండీ. మీ వైపు ఎట్లా ఉంది?"

ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. కానీ నేర్చుకున్నాను కదా. మంచు గురించి చెప్పాను. ఆర్డిస్ గురించి అడిగాను. కొలిమి గురించి కూడా అడిగాను, పళ్ళు కొరుక్కుంటూ. తర్వాత, "సరే మరి వెర్లిన్, ఉంటాను" అన్నాను. ఫోన్ మాత్రం పెట్టలేదు.

అటు నుంచి ఊపిరి వినిపించింది.

"రెండు కాలివేళ్ళు తీసేశారండీ" అన్నాడు. "కాలు ఉంది. నిన్న ఉత్తరాల పెట్టె దాకా నడిచి వచ్చాను. ఎక్కడా ఆగలేదు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అంకె?"

"నాలుగు. నిజం నాలుగే. పక్కింటాయన వచ్చి కంచె దగ్గర నిలబడితే నేనూ వెళ్ళి నిలబడుతున్నాను. చేతుల్లో ఏమీ లేకుండా. ఆయనేమీ అనుకోవట్లేదు." ఆగి అడిగాడు. "మీ సంగతి?"

బల్ల మీద పెట్టె ఉంది. చుట్టూ అంటించిన పలుచటి కాగితం ఇంకా చించలేదు, చివర మాత్రం గోరుతో గీకాను.

"ఏదో, ఫర్వాలేదు" అన్నాను.

అలాంటి మాట నా నోట్లోంచి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

"మంచిది" అన్నాడు వెర్లిన్. "సరే మరి మార్లీన్, ఉంటాను."

ఉంటానన్నాడు, ఫోన్ పెట్టలేదు. ఎదురు చూశాను. అతనూ ఎదురు చూశాడు. దూరంగా వాళ్ళ వంటింట్లో ఆర్డిస్ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఈ మొద్దు మనిషి నా దగ్గర నేర్చుకున్న విద్య నా మీదే ప్రయోగిస్తున్నాడు, ఆ సంగతి తెలిసి కూడా నేను ఫోన్ పెట్టలేకపోతున్నాను.

"పది" అన్నాను. "పెట్టె ఎదురుగానే ఉంది."

"తెరిచావా?"

"ఇంకా లేదు."

"అయితే తీసుకెళ్ళి బయట చెత్తడబ్బాలో వేసి రా. నేను లైన్లోనే ఉంటాను."

"బయట గడ్డకట్టే చలి ఉందయ్యా."

"కోటు వేసుకో" అన్నాడు.

ఫోన్ బల్ల మీద పెట్టి కోటు వేసుకున్నాను.